విటమిన్ ‘సి’ – మానవ ఆరోగ్యం

‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అని తెలుగువారి సామెత. ‘తందురుస్తీ హజార్ నేమత్ హై’ అని ఉర్దూవారి సామెత. రెండు భాషలలోను పెద్దలు చెప్పినది ఒక్కటే. అయితే వేయి వరాల పెట్టు అయిన ఈ భాగ్యం ఒక్కొక్కప్పుడు ఎంత స్వల్పమైన వస్తువు మీద ఆధారపడి ఉంటుందో మనం సాధారణంగా ఆలోచించం. రోజుకు 10 మిల్లీగ్రాములు, అంటే ఒక గ్రాములో నూరవ వంతు, విటమిన్ ‘సి’ లభిస్తే చాలు. స్కర్వీ అనే ప్రాణాంతక వ్యాధి మనిషి దరిదాపులకు రాదు. ఆ కొద్దిపాటి పదార్థం దొరకక కొన్ని శతాబ్దాలపాటు లెక్కకు మిక్కిలిగా నావికులు నడిసముద్రంలో అసువులు బాశారు.

నేడు విటమిన్ ‘సి’ పేరు వినని విద్యార్థి లేడు. పుల్లనివన్నీ విటమిన్ ‘సి’ అని కొందరు, మాత్రలు ఎన్ని మింగితే అంత మేలని మరికొందరు నమ్ముతున్నారు. ఈ రెండు నమ్మకాలూ సరికావు. అవి ఎందుకు సరికావో తెలుసుకోవాలంటే ఈ పదార్థం శరీరంలో చేసే పనిని, దాన్ని మానవుడు కనుగొన్న చరిత్రను కలిపి పరిశీలించాలి. ఆ చరిత్రలో ఆరోగ్య పాఠం ఎంత ఉన్నదో, సత్యాన్ని నిర్ధారించే పద్ధతికి సంబంధించిన పాఠమూ అంతే ఉన్నది.

అరేబియా సముద్రంలో మూడు నెలలు

మన దేశచరిత్ర పుస్తకాలలో వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరిన ఘట్టాన్ని మనమందరం చదివాం. ఆ యాత్రలో పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పని భాగం ఒకటి ఉంది. 1498 ఏప్రిల్ 24న ఆయన ఓడలు ఆఫ్రికా తూర్పు తీరంలోని మలిందీ నుండి బయలుదేరాయి. దారి తెలిసిన ఒక చుక్కానిదారు తోడున్నాడు, ఋతుపవనాలు అనుకూలించాయి. నెల తిరగకముందే, మే 20 నాటికి, ఓడలు కాలికట్ చేరాయి.

తిరుగు ప్రయాణం అలా సాగలేదు. అక్టోబరు తొలి రోజులలో కొంకణ తీరం వద్ద ఉన్న అంజదీవ్ నుండి బయలుదేరిన ఓడలకు గాలి ఎదురు తిరిగింది. అదే సముద్రాన్ని దాటడానికి ఈసారి దాదాపు మూడు నెలలు పట్టింది. నావికుల చిగుళ్ళు వాచి పళ్ళను కప్పివేశాయి. ఆహారం నమలడం అసాధ్యమైంది. కాళ్ళు వాచాయి, ఒళ్ళంతా నీరు పట్టింది. సుమారు 30 మంది మరణించారు. ఒక్కొక్క ఓడలో పని చేయగల స్థితిలో మిగిలినవారు ఏడెనిమిది మందే. 1499 జనవరిలో మలిందీ చేరగానే వారు రోగుల కోసం కోరిన వస్తువు నారింజపండ్లు!

సముద్రం అదే, ఓడలు అవే, మనుషులూ వారే. తేడా ప్రధానంగా కాలంలోనే ఉంది. దీనికి కారణం నేడు మనకు తెలుసు. ఆరోగ్యవంతుడైన వ్యక్తి శరీరంలో సుమారు 1500 మిల్లీగ్రాముల విటమిన్ ‘సి’ నిలవ ఉంటుంది. ఆహారంలో అది బొత్తిగా లోపిస్తే, ఈ నిలవ రోజుకు నూటికి మూడు వంతుల చొప్పున తరిగిపోతూ ఉంటుంది. అది సుమారు 300 మిల్లీగ్రాములకు దిగినప్పుడు స్కర్వీ లక్షణాలు బయటపడతాయి. ఇందుకు ఒకటి నుండి మూడు నెలల కాలం పడుతుంది. నెలలోపు ప్రయాణానికి సరిపోయిన నిలవ మూడు నెలల ప్రయాణానికి సరిపోలేదు.

శరీరంలో ఈ విటమిన్ చేసే పని

విటమిన్ ‘సి’ రసాయన నామం ఆస్కార్బిక్ ఆమ్లం. ‘స్కర్వీని లేకుండా చేసేది’ అని ఆ పేరుకు అర్థం. ఆవు, మేక, కుక్క, పిల్లి మొదలైన జంతువులు దీన్ని తమ కాలేయంలో గ్లూకోజు నుండి స్వయంగా తయారు చేసుకుంటాయి. మనిషి, కోతి, గినీ పంది, కొన్ని జాతుల గబ్బిలాలు మాత్రం ఈ శక్తిని కోల్పోయాయి. తయారీలోని చివరి మెట్టుకు అవసరమైన ఎంజైమును నిర్మించే జన్యువు మనలో ఉన్నప్పటికీ అది చెడిపోయి ఉంది. అందువల్ల మేక తనంత తాను తయారు చేసుకోగల పదార్థం కోసం, ఆ మేకను మేపే మనిషి పండ్లమీద, ఆకుకూరలమీద ఆధారపడక తప్పదు.

ఈ విటమిన్ చేసే పనులలో ప్రధానమైనది కొల్లాజెన్ నిర్మాణానికి తోడ్పడటం. చర్మం, ఎముకలు, చిగుళ్ళు, రక్తనాళాల గోడలు, కండరాలను ఎముకలకు బంధించే నరాలవంటి పట్టీలు, ఇవన్నీ కొల్లాజెన్ అనే ప్రోటీను వల్ల దృఢంగా ఉంటాయి. మూడు పోగులను పేని త్రాడు చేసినట్లు, మూడు ప్రోటీను గొలుసులు పెనవేసుకొని కొల్లాజెన్ ఏర్పడుతుంది. ఆ పేనిక గట్టిగా నిలవడానికి గొలుసులలో కొన్నిచోట్ల చిన్న రసాయన మార్పు జరగాలి. ఆ మార్పును జరిపించే ఎంజైములలో ఇనుము ఉంటుంది. ఆ ఇనుమును పనికి వచ్చే స్థితిలో నిలిపి ఉంచేది విటమిన్ ‘సి’. అది లోపించినప్పుడు త్రాడు వదులవుతుంది. రక్తనాళాలు చిట్లి చర్మం క్రింద నల్లని మచ్చలు ఏర్పడతాయి, పళ్ళు కదులుతాయి, గాయాలు మానవు.

కొల్లాజెన్ నిరంతరం క్షీణిస్తూ, నిరంతరం పునర్నిర్మింపబడుతూ ఉంటుంది. కనుక మానిన గాయం కూడా శాశ్వతంగా మానినట్లు కాదు. 1740లో ఇంగ్లండు నుండి బయలుదేరిన ఆన్సన్ నౌకాదళంలో స్కర్వీ ప్రబలినప్పుడు, యాభై సంవత్సరాల క్రితం యుద్ధంలో తగిలి పూర్తిగా మానిపోయిన ఒక వృద్ధ నావికుని గాయం మళ్ళీ తెరుచుకొన్నదని ఆ యాత్రా వృత్తాంతంలో నమోదై ఉంది.

1939లో అమెరికాలోని జాన్ క్రాండన్ అనే యువ శస్త్రవైద్యుడు ఈ విషయాన్ని తన శరీరంమీదనే పరీక్షించుకొన్నాడు. విటమిన్ ‘సి’ లేని ఆహారంతో ఆరు నెలలు గడిపాడు. మూడు నెలల తరువాత వీపుమీద చేయించుకొన్న కోత మామూలుగానే మానింది. ఆరు నెలల తరువాత చేయించుకొన్న కోత మానలేదు. అప్పుడు విటమిన్ ‘సి’ ఎక్కించగా గాయం మానసాగింది.

ఈ విటమిన్‌కు ఇతర పనులూ ఉన్నాయి. క్రొవ్వు నుండి శక్తిని పొందడానికి కావలసిన కార్నిటిన్ అనే పదార్థం తయారీకి ఇది అవసరం. స్కర్వీలో అన్నిటికంటే ముందుగా కనిపించే నిస్త్రాణకు ఇదొక కారణమని భావిస్తున్నారు. నాడీమండలానికి అవసరమైన నారడ్రినలిన్ తయారీలో ఇది పాల్గొంటుంది. రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు తమలో దీన్ని రక్తంలో కంటె అనేక రెట్లు అధికంగా కూడబెట్టుకొంటాయి. ఆహారంలోని ఇనుము రక్తంలోకి చేరడానికి కూడా ఇది సహాయపడుతుంది. ఈ చివరి అంశానికి మన కళాశాలతో సంబంధం ఉన్నది కనుక దాన్ని తరువాత ప్రస్తావిస్తాం.

పన్నెండుమంది నావికులు

స్కర్వీకి మందు కనుగొనే ప్రయత్నంలో చిరస్మరణీయమైన ఘట్టం 1747 మే 20న ప్రారంభమైంది. సాలిస్‌బరీ అనే ఆంగ్ల యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు, వ్యాధి లక్షణాలు వీలైనంతవరకు సమానంగా ఉన్న 12 మంది రోగులను ఎన్నుకొన్నాడు. అందరినీ ఒకేచోట ఉంచి, ఒకే ఆహారం ఇచ్చాడు. ఇద్దరేసి చొప్పున ఆరు జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క మందు ఇచ్చాడు. ఒక జట్టుకు ఆపిల్ పండ్లతో చేసిన సారా, రెండవ జట్టుకు గంధకామ్లం చుక్కలు కలిపిన నీరు, మూడవ జట్టుకు సిర్కా, నాలుగవ జట్టుకు సముద్రపు నీరు, ఐదవ జట్టుకు రోజుకు రెండు నారింజలు, ఒక గజనిమ్మ, ఆరవ జట్టుకు వెల్లుల్లి, ఆవాలు మొదలైనవి కలిపి నూరిన లేహ్యం.

ఆరు రోజులలో ఓడలోని పండ్లు అయిపోయాయి. కాని అప్పటికే పండ్లు తిన్న ఇద్దరిలో ఒకడు తిరిగి పనిలోకి వెళ్ళగలిగాడు. రెండవవాడు తక్కిన రోగులకు పరిచర్య చేసే స్థితికి వచ్చాడు. తక్కిన జట్లలో చెప్పుకోదగిన గుణం కనిపించలేదు.

ఈ పరీక్షలో గమనించవలసిన విషయం ఒకటుంది. స్కర్వీకి పులుపే విరుగుడు అని ఆ కాలపు వైద్యుల నమ్మకం. నిజంగా పులుపే మందయితే గంధకామ్లం చుక్కలు, సిర్కా కూడా పనిచేయవలసింది. అవి పనిచేయలేదు. నాలుకకు తోచిన సాక్ష్యం తప్పని, పక్కపక్కన పెట్టి పోల్చి చూసినప్పుడు తేలింది. లిండ్ ఘనత పండ్లను ఇవ్వడంలో లేదు. పండ్లు ఇచ్చినవారు ఆయనకు ముందూ ఉన్నారు. ఒక్క మందు తప్ప తక్కినవన్నీ సమానంగా ఉంచి పోల్చడంలోనే ఆయన ఘనత ఉంది.

తెలిసిన సత్యం మరుగుపడటం

లిండ్ తన గ్రంథాన్ని 1753లో ప్రచురించాడు. అందులో ఈ పరీక్షకు దక్కింది కొద్దిపాటి చోటు మాత్రమే. తేమగాలి వల్ల చెమట బయటికి పోక స్కర్వీ వస్తుందనే సిద్ధాంతాన్ని ఆయన కూడా వదలుకోలేకపోయాడు. పైగా పండ్లరసం చాలాకాలం నిలవ ఉండాలని, దాన్ని గంటల తరబడి వేడిచేసి చిక్కబరచమని సలహా ఇచ్చాడు. వేడికి నశించే గుణం గల పదార్థాన్ని వేడిచేసి భద్రపరచబోయాడన్నమాట. నావికాదళంలో నిమ్మరసం అధికారికంగా ప్రవేశపెట్టబడింది 1795లో. పరీక్షకు, ఆచరణకు మధ్య 48 సంవత్సరాలు గడిచాయి. లిండ్ అంతకు ముందు సంవత్సరమే మరణించాడు.

విచిత్రమేమంటే, దొరికిన సత్యం మళ్ళీ చేజారిపోయింది. 19వ శతాబ్ది మధ్యభాగంలో మధ్యధరా ప్రాంతపు గజనిమ్మకు బదులు, వెస్టిండీస్ దీవులలో పండే చిన్న నిమ్మను వాడసాగారు. అది మరింత పుల్లగా ఉన్నందువల్ల మరింత మంచిదని తలచారు. కాని అందులో విటమిన్ తక్కువ. ఆపైన ఆ రసం గాలి తగులుతూ నిలవ ఉండి, రాగి గొట్టాల గుండా ప్రవహించి, ఉన్న గుణం కూడా పోగొట్టుకొనేది. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణాలు చిన్నవి కావడంతో ఈ లోపం చాలాకాలం బయటపడలేదు. 1875లో ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్ళిన ఆంగ్ల యాత్రికులు నిమ్మరసం వెంట ఉన్నా స్కర్వీపాలైనప్పుడు వైద్యలోకం దిగ్భ్రమ చెందింది. పండ్లరసాన్ని శంకించడమే కాక, చెడిన డబ్బా మాంసంలోని విషమే ఈ వ్యాధికి కారణమనే కొత్త వాదాలు బయలుదేరాయి.

అదే కాలంలో ఇంగ్లండులో కలవారి ఇళ్ళలో పసిపిల్లలకు స్కర్వీ రాసాగింది. తల్లిపాలకు బదులు బాగా కాచిన పాలు, డబ్బాలలో అమ్మే పిండిపదార్థాలు పెట్టడమే దీనికి కారణమని వైద్యుడు థామస్ బార్లో 1883లో వివరించాడు. పేదల పిల్లలు తల్లిపాలు త్రాగి సురక్షితంగా ఉన్నారు.

పులుపులేని మిరపలో దొరికిన ఆమ్లం

1907లో నార్వే దేశానికి చెందిన హోల్స్ట్, ఫ్రోలిక్ అనే శాస్త్రజ్ఞులు మరొక వ్యాధిని గూర్చి పరిశోధిస్తూ గినీ పందులకు ధాన్యం మాత్రమే పెట్టారు. వాటికి స్కర్వీ వచ్చింది. క్యాబేజీ, గజనిమ్మరసం ఇవ్వగా కుదిరింది. వారు ఎలుకలను ఎన్నుకొని ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు. ఎలుక తనకు కావలసిన విటమిన్ ‘సి’ని తానే తయారు చేసుకొంటుంది.

1928లో హంగేరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్ జ్యార్జి కేంబ్రిడ్జిలో పనిచేస్తూ పశువుల అడ్రినల్ గ్రంథుల నుండి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేశాడు. దాని స్వరూపం తెలియనందున ‘నేనెరుగని చక్కెర’ అనే అర్థం వచ్చేటట్లు పేరు పెట్టబోగా పత్రికా సంపాదకుడు అంగీకరించలేదు. తరువాత స్వదేశంలో సెగెద్ నగరంలో పనిచేస్తుండగా, ఒకనాటి రాత్రి భార్య వడ్డించిన మిరపకాయలను తినడానికి మనస్కరించక, వాటిని పరిశోధనాలయానికి తీసుకుపోయి పరీక్షించాడట. ఆ ఎర్రని పెద్ద మిరప ఈ పదార్థానికి గని అని తేలింది. 1932లో ఇదే విటమిన్ ‘సి’ అని ఆయన బృందమూ, అమెరికాలో చార్లెస్ కింగ్ బృందమూ నిరూపించారు. 1933లో రైక్‌స్టైన్ దీన్ని కృత్రిమంగా తయారుచేసే మార్గం చూపాడు. 1937లో సెంట్ జ్యార్జికి వైద్యశాస్త్రంలోను, ఈ పదార్థపు నిర్మాణాన్ని వివరించినందుకు హావర్త్‌కు రసాయనశాస్త్రంలోను నోబెల్ బహుమానాలు లభించాయి.

మిరపకాయలో కారం ఉంటుంది, తీపి ఉంటుంది, పులుపు ఎక్కడిది? రెండు శతాబ్దాలపాటు వైద్యులను పెడదారి పట్టించిన పులుపు సిద్ధాంతానికి ఇంతకు మించిన ఖండన అక్కరలేదు.

కీర్తి సాక్ష్యం కాదు

లోపం తీరిన తరువాత మనిషికి కలిగే ఆశ అతిశయం మీదికి పోతుంది. రసాయనశాస్త్రంలో 1954లోను, శాంతికి 1962లోను నోబెల్ బహుమానాలు పొందిన లైనస్ పాలింగ్ 1970లో ఒక గ్రంథం ప్రచురించి, విటమిన్ ‘సి’ని రోజుకు ఒక గ్రాము, అవసరమైతే అంతకు మించి తీసుకొంటే జలుబు రాదని వాదించాడు. అంతటి మేధావి చెప్పిన మాట గనుక జనం మాత్రలకోసం ఎగబడ్డారు. ఆ తరువాత దశాబ్దాలలో 11,000 మందికి పైగా వ్యక్తులపై జరిగిన పరీక్షల ఫలితాలను క్రోడీకరించి చూశారు. సామాన్య ప్రజలలో రోజూ మాత్రలు వేసుకొన్నా జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దలలో నూటికి 8 వంతులు, పిల్లలలో 14 వంతులు తక్కువ కాలం ఉన్నది, అంతే. జలుబు వచ్చిన తరువాత మాత్రలు మొదలుపెడితే నిలకడైన ప్రయోజనం కనిపించలేదు. సుదీర్ఘమైన పరుగు పందెగాండ్రు, తీవ్రమైన చలిలో శ్రమించే సైనికులు వంటివారిలో మాత్రం జలుబు సగానికి తగ్గింది.

క్యాన్సరు విషయంలోనూ పాలింగ్ ఇటువంటి ఆశనే కల్పించాడు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జరిగిన పరీక్షల ఫలితాలు 1979లోను, 1985లోను వెలువడ్డాయి. రోజుకు 10 గ్రాములు నోటిద్వారా ఇచ్చినప్పటికీ రోగులకు మేలు జరగలేదని తేలింది. సిరల ద్వారా ఎక్కించే పద్ధతిపై పరిశోధనలు వేరుగా సాగుతున్నాయి గాని, దాన్నిబట్టి మాత్రలను మ్రింగడం తగదు.

శరీరం కూడా అతిని అంగీకరించదు. ఒక గ్రాముకు మించి తీసుకొన్నప్పుడు ప్రేవులు సగం కూడా గ్రహించవు. గ్రహించినదానిలో అధికభాగం మూత్రంలో పోతుంది. మోతాదు మరీ ఎక్కువైతే విరేచనాలు, కొందరిలో మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడతాయి. శరీరంలో ఇనుము అతిగా పేరుకొనే జబ్బులు ఉన్నవారికి ఇది మరింత హానికరం.

మన వంటిల్లు

ఇక మనకు ఎంత కావాలి? భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం రోజుకు పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు. గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు ఇంకా ఎక్కువ కావాలి. ఈ సంస్థకు మూలమైన పరిశోధనా విభాగం 1918లో కూనూరులో మకారిసన్ అనే వైద్యుని ఆధ్వర్యంలో ఏర్పడి, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. మన ఆహారపదార్థాల విలువలను లెక్కగట్టి మనకు అందించిన గౌరవం ఈ సంస్థదే.

ఆ లెక్కలు చూస్తే ఖరీదుకు, గుణానికి సంబంధం లేదని తెలుస్తుంది. నూరు గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ ‘సి’ ఉంటుంది. అంతే బరువు గల నారింజలో ఉన్నది దానిలో నాలుగవ వంతుకు మించదు. అధిక ధర పెట్టి రోగులకు తీసుకుపోయే ఆపిల్‌లో పది మిల్లీగ్రాములు కూడా ఉండవు. ఉసిరికాయ జామను మించినది. ఇంటి పెరటిలో ఉచితంగా దొరికే మునగాకులో సమృద్ధిగా ఉంది. చింతపండు ఎంత పుల్లగా ఉన్నా అందులో ఉన్నది నామమాత్రమే. ఆ పులుపు వేరొక ఆమ్లానిది. పచ్చిమిరపలో ఉన్న విటమిన్ ఎండుమిరపలో చాలావరకు నశిస్తుంది.

ఉసిరిని ఆయుర్వేదమూ, యునానీ వైద్యమూ రెండూ ఆదరించాయి. మన ‘త్రిఫల’యే హకీముల నోట ‘ఇత్రీఫల్’ అయింది. ‘నారింజ’ పదం కూడా ఇటువంటిదే. సంస్కృతంలోని ‘నారంగ’ పారసీకంలో ‘నారంగ్’గా, అరబ్బీలో ‘నారంజ్’గా మారి, స్పెయిన్ మీదుగా ఐరోపా భాషలకు చేరింది. ఆ పండును పడమటికి చేర్చినది అరబ్బులే. అయితే ఆమ్లా మురబ్బా రుచికరమైనదే గాని, పాకంలో ఉడికినందువల్ల పచ్చి ఉసిరిలో ఉన్నంత గుణం దానిలో మిగలదు.

ఎండు పప్పుదినుసులలో ఈ విటమిన్ దాదాపు శూన్యం. వాటిని నానబెట్టి మొలకెత్తిస్తే కొత్తగా ఉత్పత్తి అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో లండనులోని లిస్టర్ సంస్థకు చెందిన హారియట్ చిక్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని ప్రయోగాలతో నిరూపించింది. ఆ యుద్ధంలో 1916 ప్రాంతాన ఇరాక్‌లోని కూత్ పట్టణంలో చిక్కుపడిన భారతీయ సైనికులు కూరగాయలు లేక స్కర్వీతో బాధపడ్డారు. గుప్పెడు పెసలు నానబోయడం ఎంత విలువైన పనియో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వేడి, గాలి, రాగి, ఎక్కువసేపు నీటిలో నానడం, ఈ నాలుగూ విటమిన్ ‘సి’కి శత్రువులు. కనుక కూరలను ముందు కడిగి తరువాత తరగాలి. తరిగిన వెంటనే మూతపెట్టి కొద్దిసేపు వండాలి. వండిన నీటిని పారబోయరాదు. రాగి పాత్రలకు కళాయి పూయించే మన పెద్దల అలవాటు ఇక్కడ కూడా మేలు చేసేదే. పులిహోరలో నిమ్మరసాన్ని పొయ్యిమీద నుండి దించిన తరువాతనే పిండడం మన ఇళ్ళలో ఆనవాయితీ. చేదెక్కుతుందని అలా చేస్తారు. విటమిన్ కూడా దక్కుతుంది.

విద్యార్థినులకు ముఖ్యంగా

ఇంతకు ముందు వాయిదా వేసిన అంశానికి వద్దాం. స్కర్వీ నేడు మనలో అరుదు. కాని రక్తహీనత అరుదు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15–49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. తరగతిలో మధ్యాహ్నం వేళ తల వాల్చే బాలికను చూసి శ్రద్ధ లేదని మందలించే ముందు, మేము ఉపాధ్యాయులం ఈ సంఖ్యను గుర్తు చేసుకోవాలి.

రక్తహీనతకు కారణాలు అనేకం. ఇనుము లోపం అందులో ముఖ్యమైనది. పప్పులు, ఆకుకూరలు, ధాన్యాలలో ఉండే ఇనుమును శరీరం సులభంగా గ్రహించలేదు. అదే భోజనంలో విటమిన్ ‘సి’ ఉంటే ఆ ఇనుము సులభంగా కరిగే రూపం పొంది, ఎక్కువగా లోపలికి చేరుతుంది. భోజనంతో పాటు త్రాగే చాయ్ ఇందుకు విరుద్ధంగా పనిచేసి, ఇనుమును అడ్డగిస్తుంది. కాబట్టి పప్పన్నంమీద నిమ్మచెక్క పిండుకోవడం, చాయ్‌ను భోజనానికి గంటసేపు దూరంగా జరపడం, ఖర్చులేని రెండు మంచి అలవాట్లు. హలీంతో నిమ్మచెక్క వడ్డించే మన హైదరాబాదు సంప్రదాయాన్ని రోజువారీ పప్పన్నానికి కూడా వర్తింపజేద్దాం. రంజాన్ మాసంలో ఇఫ్తారు పళ్ళెంలో వేపుళ్ళ పక్కన నాలుగు జామముక్కలు చేర్చుకొందాం.

అయితే ఇక్కడ కూడా హద్దు మరువరాదు. రక్తహీనత ఉన్నట్లు పరీక్షలో తేలినవారికి వైద్యుడు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలకు నిమ్మరసం ప్రత్యామ్నాయం కాదు. నిమ్మ తోడ్పడుతుందే గాని వైద్యం చేయదు.

కళాశాల పాలకవర్గం వారికి కూడా మా విన్నపం ఒకటుంది. వసతిగృహంలో, ఫలహారశాలలో వారానికి కొన్ని రోజులు మొలకెత్తిన పెసలు, పండే కాలంలో జామపండు, ప్రతి భోజనంతో ఒక నిమ్మచెక్క ఏర్పాటు చేయగలిగితే దానివల్ల కలిగే మేలు ఖర్చుతో పోల్చదగినది కాదు. సంవత్సరానికి ఒకసారి విద్యార్థినులకు రక్తపరీక్ష జరిపిస్తే, ఆ మేలు కొలతకు కూడా అందుతుంది. మేము చెప్పామని గాని, పెద్దలు చెప్పారని గాని నమ్మనక్కరలేదు. లిండ్ చూపిన మార్గంలో పరీక్షించి చూడవచ్చు.

మందు 1747లోనే చేతికి అందింది. కాని నమ్మకాలు అడ్డు వచ్చి అది నావికుల నోటికి చేరడానికి 48 సంవత్సరాలు పట్టింది. ఆ మందు మనకు పెరటిలోనూ, సంతలోనూ చౌకగా దొరుకుతున్నది. దాన్ని మన కంచంలోకి చేర్చడానికి అంతకాలం తీసుకోకుండా ఉండటమే చదువుకొన్నవారిగా మన కర్తవ్యం.